నయం కాదని చెప్పాక: బిడ్డతో ఇంట్లో గడిపే రోజుల కోసం

"ఇక మా చేతుల్లో లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి." ఈ మాట విని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆటోలోనో బస్సులోనో ఇంటికి చేరినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, నర్సుని. ఇళ్ళకు వెళ్ళి చూసే పాలియేటివ్ కేర్ బృందంలో చాలా ఏళ్ళు పనిచేశాను. బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టిన పిల్లలు, మెదడులో గడ్డ ఉన్న పిల్లలు, డూషెన్ జబ్బుతో కండరాలు క్షీణించి చక్రాల కుర్చీకే పరిమితమైన పదిహేనేళ్ళ అబ్బాయిలు, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో జబ్బు. ఇళ్ళు మాత్రం ఒకేలా అయిపోతాయి. టీవీ పెట్టరు, తలుపులు దగ్గరగా వేసేస్తారు, రెండో పిల్లాడి పుట్టినరోజు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరికీ గుర్తుండదు. మంచం చుట్టూ ఇల్లు ఆగిపోతుంది.

మిగిలింది రెండు వారాలైనా రెండేళ్ళైనా, ఆ రోజులు కూడా మీ సంసారంలో రోజులే. ఇల్లు ఇల్లులానే నడవాలి. అలా నడవాలంటే కొన్ని పనులు ముందే చేసి పెట్టుకోవాలి. వరసగా చెప్తాను.

మొదటి పని: డిశ్చార్జ్ కాగితం తీసుకునే ముందు అడగాల్సినవి

"ఇంటికి తీసుకెళ్ళండి" అంటే జబ్బును తగ్గించే వైద్యం ఆగిందని అర్థం. నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, ఫిట్స్‌కు, నిద్ర పట్టకపోవడానికి వైద్యం చివరి నిమిషం దాకా ఉంటుంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి. ఇది క్యాన్సర్ వాళ్ళకే అని, ఆఖరి వారంలోనే అని చాలామంది అనుకుంటారు. కాదు. గుండె, కిడ్నీ, కండరాల జబ్బుల పిల్లలకూ ఉంటుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, పిల్లల్ని కూడా చూస్తారు. అక్కడే స్పర్శ్ హాస్పిస్‌లో (నయం కాని రోగుల్ని చివరిదాకా చూసుకునే చోటు) ఉచితంగా ఉంచుకుని చూస్తారు. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా పాలియేటివ్ కేంద్రాలున్నాయి. ఆంధ్రలో క్యాన్సర్ పిల్లలైతే విశాఖ అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగొచ్చు. మీ ఊరికి ఏది దగ్గరో డిశ్చార్జ్ చేసే డాక్టరునే అడిగి, పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాయించుకోండి.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. నొప్పి ఎక్కువైతే ఏ మందు, ఎంత? అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఈ జబ్బులో ముందు ముందు ఏమేం రావచ్చు? ఫిట్స్ రావచ్చా, రక్తం కారొచ్చా? అవి వస్తే ఇంట్లో ఉంచుకోవాల్సిన మందులేమిటి? మింగలేని స్థితి వస్తే మందు ఎలా ఇవ్వాలి? ఆఖరిది అడగడం కష్టం: ఊపిరి ఆగిపోతే వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా? ఆ మాట ఇప్పుడు నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకోకపోతే రాత్రి రెండింటికి అంబులెన్సులో నిర్ణయించాల్సి వస్తుంది.

రెండో పని: నొప్పిని అదుపులో పెట్టడం

దీని గురించి ఎక్కువ రాస్తాను. నొప్పి తగ్గని ఇంట్లో మిగతా ఏ సలహా పనికిరాదు. నొప్పితో మూలుగుతున్న పిల్లాడికి కథలు చెప్పలేరు, వాడి తమ్ముణ్ణి బడికి పంపలేరు, మీరు నిద్రపోలేరు.

పిల్లల నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో రెండు మెట్ల పద్ధతి చెప్పింది. కొద్దిపాటి నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి. అంతకు మించితే మార్ఫిన్, అంటే నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందు. రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లలకు ఐబుప్రొఫెన్ ప్రమాదం, అడక్కుండా ఇవ్వొద్దు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. పక్కింటి వాళ్ళ బిడ్డకు ఇచ్చిన లెక్క మీ బిడ్డకు పనికిరాదు.

మార్ఫిన్ అనగానే ఇంట్లో సగం మంది భయపడతారు. "అలవాటైపోతుంది", "దాంతోనే పోతాడు" అంటారు. డాక్టరు చెప్పిన లెక్కలో ఇస్తే అది ప్రాణం తీయదు. నొప్పి కోసం ఇచ్చే పిల్లల్లో మత్తుకు బానిసవడమనేది చాలా అరుదు. శరీరం మందుకు అలవాటు పడుతుంది నిజమే. అందుకే ఒక్కసారిగా ఆపకూడదు, అంతే. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొంతమందికి వాంతులు, దురద వస్తాయి. చాలా రోజులుగా నిద్రలేని బిడ్డ నొప్పి తగ్గగానే గాఢంగా నిద్రపోతే కూడా కంగారు పడతారు. లేపితే లేచి మాట్లాడుతుంటే అది మామూలు నిద్రే. లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే ఫోన్ చేయండి. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, తనంతట తాను పోదు. అందుకే మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే సిరప్ కూడా రాయించుకోండి. కడుపునొప్పి అని జబ్బును తిట్టుకునే వాళ్ళలో చాలామందికి అసలు కారణం నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడమే.

ఇంకో చిక్కు ఏమిటంటే ఇది ప్రతి మందుల షాపులో దొరకదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీన్ని నేరుగా ఉంచుకుని ఇవ్వగలుగుతున్నాయి. కాబట్టి అక్కడి నుంచే తెచ్చుకోవాలి. అయిపోయే దాకా ఆగకండి. వారానికి సరిపడా ఉండగానే మళ్ళీ వెళ్ళండి. పండగ సెలవులు చూసుకోండి. సంక్రాంతి ముందు రోజు సాయంత్రం సీసా ఖాళీ అయిన ఇల్లు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇవ్వడంలో ఒకే ఒక్క సూత్రం, గడియారం. మామూలు మార్ఫిన్ నాలుగు గంటలకోసారి. "ఇప్పుడు నొప్పి లేదుగా, మిగిలిద్దాం" అనుకుంటే రెండు గంటల తర్వాత నొప్పి రెట్టింపై వస్తుంది, దాన్ని దించడానికి ఎక్కువ మందు కావాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే డాక్టరు రాసిన అదనపు డోసు వేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు అదనపు డోసు అవసరమైతే అసలు డోసు చాలడం లేదని అర్థం. ఫోన్ చేసి చెప్పండి.

నొప్పి ఎంతుందో పిల్లల్నే అడగండి. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు గీసి చూపిస్తే ఐదేళ్ళ బిడ్డ కూడా వేలు పెట్టి చూపిస్తుంది. మాటలు రాని పసివాళ్ళలో ముడిపడ్డ నుదురు, దగ్గరకు ముడుచుకున్న కాళ్ళు, ఎత్తుకున్నా ఊరుకోకపోవడం చూడాలి. ఒకటి మరిచిపోవద్దు: కదలకుండా, అల్లరి లేకుండా పడుకున్న బిడ్డకు నొప్పి లేదని కాదు. చాలాకాలం నొప్పి పడ్డ పిల్లలు ఏడవడం మానేస్తారు.

వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. దాన్ని మంచం పక్కన దారం కట్టిన పెన్నుతో పెట్టండి. టైము, మందు, ఎంత, ఎవరిచ్చారు, నొప్పి బొమ్మ నంబరు, విరేచనం అయిందా. ఇంతే. నాయనమ్మకు రాయడం రాకపోతే గీత గీయమనండి. రాత్రి మూడింటికి డోసు ఇచ్చానా లేదా అన్న టెన్షన్ ఉండదు, రెండుసార్లు ఇచ్చే ప్రమాదమూ ఉండదు. మందు మాత్రం బీరువాలో తాళం వేసి పెట్టండి, ఇంట్లో వేరే పిల్లలుంటారు.

ఆయాసానికి ఖర్చులేని చిట్కా ఒకటి: తలవైపు ఎత్తుగా దిండ్లు పెట్టి, టేబుల్ ఫ్యాన్ గాలి ముఖానికి తగిలేలా తిప్పండి. పిచ్చి చిట్కాలా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

మూడో పని: ఇంటి పనిని పంచడం

మన ఇళ్ళల్లో బరువంతా తల్లి మీద పడుతుంది. వారం తిరిగేసరికి ఆవిడ నర్సయిపోతుంది, అమ్మగా ఉండటానికి టైము ఉండదు. కాబట్టి మందులు తేవడం, ఫోన్లు ఎత్తడం, రాత్రి డ్యూటీ, రెండో బిడ్డ బడి ఇలా పేర్లు పెట్టి రాసుకోండి. రాత్రి రెండు గంటల డోసు తండ్రిదైతే తల్లి ఆ పూట వేరే గదిలో పడుకోవాలి. "నాకు నిద్ర పట్టదులే సిస్టర్" అంటారు. పట్టకపోయినా పడుకోమంటాను.

చుట్టాల ఫోన్లు ఇంకో పెద్ద పని. "ఎలా ఉంది?" అని రోజుకు ఇరవై మంది అడిగితే ఇరవై సార్లు ఆ కథంతా చెప్పాలి. బాబాయికో మేనమామకో అప్పగించండి. రోజూ రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు ఆయనే పెడతాడు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్ళను వదలకండి, కానీ ఫలానా పని అని చెప్పండి. "అత్తయ్యా, బుధవారం పప్పు, చారు పంపండి." "అన్నయ్యా, చిన్నదాన్ని ట్యూషన్ నుంచి మీరే తీసుకురండి." పని చేతికిస్తే చాలామంది సంతోషంగా చేస్తారు. ఏం చేయాలో తెలియకే అరటిపండ్లు, బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకొస్తారు.

చూడటానికి వచ్చి మంచం దగ్గరే "అయ్యో, ఎంత చక్కటి పిల్లాడు, ఎవరి దిష్టి తగిలిందో" అని రాగం తీసేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళను గుమ్మం దగ్గరే పట్టుకోండి. "పిన్నీ, ఏడవొద్దనను, పాపం అనే మాట మాత్రం ఆ గదిలో వద్దు. క్రికెట్ గురించి మాట్లాడు" అని ఒక తండ్రి అనడం విన్నాను. అంత సూటిగా ఉంటే తప్పు లేదు.

నాలుగో పని: బిడ్డతో మాట్లాడటం

ఒక ఇంట్లో పదకొండేళ్ళ అబ్బాయి. తల్లి ఫైలు బీరువా మీద సూట్‌కేసు వెనక దాచింది. వాడు కుర్చీ ఎక్కి తీసి, అందులోని ఇంగ్లీషు మాటలు ఆమె ఫోన్లోనే వెతుక్కున్నాడు. నేను బీపీ చూస్తుంటే మెల్లగా అన్నాడు: "నాకు తెలుసు సిస్టర్. అమ్మకి చెప్పకండి, ఏడుస్తుంది." అదే రోజు వంటింట్లో తల్లి నాతో అంది: "వాడికి మాత్రం తెలియనివ్వకండి సిస్టర్, తట్టుకోలేడు." ఒకే గదిలో ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు అదే సంగతి దాస్తున్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ తప్పు చేశాను. "బిడ్డ ముందు ఏడవకండి" అని ప్రతి తల్లికీ చెప్పేదాన్ని. ఒక పాప నాతో "అమ్మ బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడుస్తుంది, నా మీద కోపమేమో" అంది. ఆ తర్వాత ఆ సలహా మానేశాను.

స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగి 2004లో ఒక అధ్యయనం అచ్చువేశారు. బిడ్డతో చావు గురించి మాట్లాడిన 147 మందిలో "అనవసరంగా మాట్లాడాం" అని బాధపడినవాళ్ళు ఒక్కరూ లేరు. మాట్లాడని 258 మందిలో 69 మంది, మాట్లాడి ఉండాల్సిందని తర్వాత బాధపడ్డారు. మన ఇళ్ళు వేరు, మన మాట తీరు వేరు. అయినా నేను చూసిందీ ఇంచుమించు అదే.

ఎలా మొదలుపెట్టాలి? కూర్చోబెట్టి ప్రకటన చేయక్కర్లేదు. పిల్లలే అడుగుతారు, స్నానం చేయిస్తున్నప్పుడో, లైటు ఆర్పాకో. అడిగినప్పుడు ముందు ఎదురు ప్రశ్న వేయండి: "నీకెందుకలా అనిపించింది కన్నా?" "నేను చచ్చిపోతానా?" అన్న పిల్లాడు ఒక్కోసారి "నొప్పి పుడుతుందా?" అనో "అప్పుడు నువ్వు పక్కనే ఉంటావా?" అనో అడుగుతున్నట్టు. అసలు ప్రశ్న బయటపడ్డాక దానికే జవాబు చెప్పండి. "మందులు జబ్బును ఆపలేకపోతున్నాయి. నొప్పి రాకుండా చూసుకుంటాం. నిన్ను ఒంటరిగా వదలం." ఈ మూడు మాటలు చాలాసార్లు సరిపోతాయి. "ఛ, అలాంటి మాటలేంటి, నీకేం కాదు" అంటే ఆ తలుపు మూసుకుపోతుంది. రెండోసారి వాడు మిమ్మల్ని అడగడు.

వయసును బట్టి తేడా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు చావంటే ఊరెళ్ళి రావడం లాంటిది, వాళ్ళకు అమ్మ కనబడకపోవడమే భయం. బడికి వెళ్ళే వయసులో తిరిగి రారని మెల్లగా తెలుస్తుంది. అప్పుడే "నేను చెడ్డపని చేసినందుకా?" అన్న అనుమానం వస్తుంది. అడక్కపోయినా "నీ తప్పేం లేదు" అని చెప్పండి. పది దాటినవాళ్ళకు మనకు తెలిసినంతా తెలుసు. వాళ్ళను నిర్ణయాల్లో కలుపుకోండి: సూది వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వినండి. దేవుడు, స్వర్గం, తాతయ్య దగ్గరికి వెళ్ళడం ఇవన్నీ మీ ఇంట్లో నిజంగా నమ్మేవైతే చెప్పండి. "నిద్రపోవడం లాంటిదే" అని మాత్రం అనొద్దు, రాత్రిళ్ళు పడుకోవడానికే భయపడతారు.

మామూలుతనాన్ని పోనివ్వకండి. హోంవర్క్ అరపేజీ అయినా చేయించండి. తమ్ముణ్ణి కొడితే కోప్పడండి. అన్నిటికీ సరే అంటుంటే పిల్లలకు అనుమానం వస్తుంది, భయమూ వేస్తుంది. పండగలను మాత్రం క్యాలెండర్‌కు వదలకండి. ఒక ఇంట్లో జూన్ నెలలో దీపావళి చేశారు. ఆ సీజన్లో కాకరపువ్వొత్తులు దొరక్క తండ్రి పెళ్ళిళ్ళకు టపాసులు అమ్మేవాళ్ళ దగ్గర పట్టుకొచ్చాడు. డాబా మీద నవారు మంచం వేసి, పాపను పడుకోబెట్టి, ఆరు ఒత్తులు వెలిగించారు. ఏడోది వానకు తడిసి వెలగలేదు. పాప దానికే ఎక్కువ నవ్వింది.

ఐదో పని: మిగతా పిల్లలు

ఇంట్లో ఎవరూ చూడనిది వాళ్ళనే. అక్కకు జబ్బు చేసిన ఏడేళ్ళ పిల్లాడు ఒకడు బడిలో రోజూ కాలు నొప్పి అనేవాడు, కుంటేవాడు. డాక్టర్లకు ఏమీ కనబడలేదు. అక్క జబ్బు కాలి నొప్పితోనే మొదలైంది మరి. ఇది అంటుకోదు, నువ్వు కోపంలో తిట్టినందుకు రాలేదు, మేం నిన్నూ చూసుకుంటాం: ఇవి విప్పి చెప్పాలి. రోజుకు ఇరవై నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, వాళ్ళతోనే. క్లాస్ టీచరుకు సంగతి చెప్పి ఉంచండి. ఊళ్ళో అమ్మమ్మ ఇంటికి పంపేయడం తేలిక అనిపిస్తుంది. పంపకండి, తప్పనిసరైతే వారానికి రెండు రోజులైనా తెచ్చుకోండి. దూరంగా ఉన్న పిల్లలు ఇంటి దగ్గర జరుగుతున్నదానికంటే భయంకరమైనది ఊహించుకుంటారు. నీళ్ళ గ్లాసు ఇవ్వడం, కాళ్ళకు కొబ్బరినూనె రాయడం లాంటి చిన్న పనులు వాళ్ళకు ఇవ్వండి. పెద్ద పిల్లలైతే చిన్న నర్సులు కాకుండా చూడండి.

తిండి సంగతి

ఇదే పెద్ద గొడవ. "రెండు ముద్దలు తిను నాన్నా" అని తల్లి, నోరు గట్టిగా మూసుకుని బిడ్డ. చివరి దశలో శరీరానికి ఆకలి ఉండదు, తిన్నది అరగదు. తిననందుకు పోవడం లేదు, పోయే దశలో ఉన్నందుకు తినడం లేదు. ఒక చెంచా పెరుగన్నం, ఒక ఐసు ముక్క, అడిగితే ఇంత ఆవకాయ. పథ్యం నియమాలన్నీ పక్కన పెట్టేయొచ్చు. పెదాలు ఎండకుండా తడిగుడ్డతో అద్దండి, కాస్త వెన్న రాయండి.

భార్యాభర్తలు, డబ్బు, మొక్కులు

ఒకరు ఏడుస్తారు, ఒకరు మాట్లాడరు. మాట్లాడని మనిషికి బాధ లేదనుకోవద్దు. బిడ్డ గురించి తప్ప ఇంకో మాట పది నిమిషాలైనా రోజూ మాట్లాడుకోండి, చిట్టీ కట్టడం గురించైనా సరే. "నీ వంశంలోనే ఉంది" అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. నిద్ర, తిండి మానేసి కుంగిపోతుంటే 14416కి ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పొలం అమ్మే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఈ మందుతో ఎన్ని రోజులు పెరుగుతాయి, ఆ రోజులు ఎక్కడ గడుస్తాయి, ఇంట్లోనా ఐసీయూలోనా? సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టకండి. తాయెత్తు, విభూతి, దర్గా, చర్చి ప్రార్థన, ఏదైనా బిడ్డకు హాని లేనంతవరకు చేసుకోండి. మార్ఫిన్ ఆపి పసరు తాగించమంటే మాత్రం వద్దు. ఆసుపత్రి ప్రయాణాలకు క్యాన్సర్ రోగికి, తోడు వెళ్ళే ఒకరికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది. ఆసుపత్రిలో ఫారం అడగండి.

చివరి రోజులు, గంటలు

ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది కాబట్టి దాచకుండా రాస్తున్నాను. రోజంతా నిద్రలోనే ఉంటారు. మూత్రం తగ్గుతుంది. కాళ్ళూ చేతులూ చల్లబడి, చర్మం మీద ఊదా రంగు మచ్చలు తేలుతాయి. ఊపిరి వేగంగా వచ్చి, కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ వస్తుంది. గొంతులో గురగుర చప్పుడు వస్తుంది. వినేవాళ్ళకు భరించడం కష్టం కానీ ఆ స్థితిలో బిడ్డకు అది తెలియదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, తులసి తీర్థం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పెదాలకు అద్దితే చాలు. మార్ఫిన్ ఆపకండి, మింగలేకపోతే నాలుక కింద ఇవ్వొచ్చా అని ఫోన్లో కనుక్కోండి. మాట్లాడుతూ ఉండండి, వినికిడి చివరి దాకా ఉంటుందంటారు.

ఇంట్లోనే ఉంచుకోవాలని అందరూ అనుకున్నాక కంగారులో 108కి ఫోన్ చేస్తే వాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఛాతీ నొక్కుతారు. అది వాళ్ళ పని. కాబట్టి ముందు పాలియేటివ్ బృందానికి చేయమని, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఇంట్లో ఉంచుకోలేమనిపిస్తే హాస్పిస్‌కు వెళ్ళడంలో తప్పేమీ లేదు.

ప్రాణం పోయాక తొందర లేదు. ఎంతసేపు ఒళ్ళో పెట్టుకోవాలనుంటే అంతసేపు పెట్టుకోండి. స్నానం మీరే చేయించాలంటే చేయించండి. తోబుట్టువులను చూడనివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి. చిన్నపిల్లల్ని మనలో చాలామంది దహనం చేయరు, పూడుస్తారు. తల్లిని శ్మశానానికి రానివ్వరు. ఈ రెండిటి గురించి పెద్దవాళ్ళతో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఆమె వస్తానంటే ఎవరు ఆపుతారో, ఎవరు పక్కన నిలబడతారో అప్పుడే తేలుతుంది. చూసే డాక్టరు దగ్గర మరణ కారణం రాసిన ఫారం 4ఎ తీసుకుని, 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించండి. ఈ పని మేనమామకో బాబాయికో ఇవ్వండి.

మిగిలిన మార్ఫిన్‌ను ఇంట్లో ఉంచొద్దు, చెత్తలో పడేయొద్దు. తెచ్చిన చోటే తిరిగి ఇచ్చేయాలి. నోట్‌బుక్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు, అది అడగరు. సీసా ఇవ్వడానికి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయినా వెంటనే వెళ్ళరు. బెంచీ మీద కూర్చుంటారు. మేం టీ తెప్పిస్తాం.